కలశం ఎక్కని గోపురం

మొసళ్ల మడుగు దాటి ప్రాణాలతో ఒడ్డెక్కిన యువరాజు అమరకేతు, వేటగాడు కాటమ ఒక గుట్ట మీద బండ చాటున పడి ఒళ్లు తెలియకుండా నిద్రపోయారు. పిట్టల కూతకు మెలకువ వచ్చేసరికి తూర్పు తెల్లబడింది. ఒంటి మీది బురద ఎండి పెచ్చులు కట్టింది. కాటమ ముందుగా తన కాళ్లూ చేతులూ తడిమి చూసుకున్నాడు. తర్వాత యువరాజు కాళ్లూ చేతులూ తడిమి చూశాడు. అన్నీ ఉన్నాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని చాలాసేపు నవ్వుకున్నారు.

అమరకేతు శ్వేతశైల రాజ్యానికి యువరాజు. అస్త్రవిద్య కోసం దక్షిణారణ్యంలోని గురువు దగ్గరకు వెళ్లి ఏళ్లు గడిచాయి. తండ్రి కీర్తిధర మహారాజు దగ్గర నుంచి కబుర్లు రావడం ఉన్నట్టుండి ఆగిపోయింది. మనసు ఆగక ఇంటిదారి పట్టాడు. దారిలో ముసుగు మనుషులు మాటువేసి అతణ్ణి చంపబోయారు. ఆ ఆపదలో అడ్డుపడి, మడుగు దారిన తప్పించి తెచ్చినవాడు కాటమ. యువరాజు చనిపోయాడని రాజధానిలో దండోరా వేశారన్న సంగతి చెప్పినవాడూ అతడే.

గుట్ట కొసకు ఎక్కగానే ఎదురుగా రాజధాని కనిపించింది. దాని పేరు ఉదయగోపురం.

నీలవేణీ నది నగరాన్ని రెండుగా చీలుస్తూ పారుతోంది. తూర్పు ఒడ్డున పాత నగరం. అమరకేతు తాతల తాతలు దాన్ని నల్లరాతితో కట్టించారు. కోటగోడ అడుగున ఏనుగుల వరస చెక్కి ఉంది; బరువంతా ఆ ఏనుగులే వీపుల మీద మోస్తున్నట్టు ఉంటుంది. గోడ లోపల ఇరుకు వీధులు, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసి నిలబడినట్టున్న మిద్దెలు, మధ్యలో స్తంభాల మంటపం, దాని వెనుక మెట్ల మీద మెట్లుగా లేచిన రాజప్రాసాదం. ఎన్నో వానలకు తడిసి, ఎన్నో ఎండలకు కాగి, ఆ రాయి నేరేడుపండు రంగుకు తిరిగింది. అరుగులు మనుషులు కూర్చుని కూర్చుని నున్నబడ్డాయి. దూరం నుంచే అమరకేతు తన పడకగది కిటికీని గుర్తుపట్టాడు.

పడమటి ఒడ్డు మాత్రం అతడికి గుర్తు తెలియలేదు. అతడు వెళ్లేనాటికి అక్కడ చెరకు తోటలు, నక్కలు తిరిగే దిబ్బలు ఉండేవి. ఇప్పుడు పాలనురుగును అచ్చుపోసి ఎండబెట్టినట్టు తెల్లని సౌధాలు వరసలు తీరి ఉన్నాయి. వాటి గచ్చు ఎంత నునుపుగా ఉందంటే, పైన పోయే మబ్బులు గోడల మీద కూడా పోతున్నాయి. వీధులు దారం పట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. ప్రతి వీధి నడుమ ఒక నీటి కాలువ, ప్రతి కూడలిలో ఒక జలయంత్రం. మిద్దెల మీద పచ్చని, ఎర్రని గాజు గుమ్మటాలు పొద్దుటెండ తగిలి రత్నాల రాసుల్లా వెలుగుతున్నాయి. అన్నిటి మధ్యా నది గట్టునే ఏడంతస్తుల స్ఫటిక సౌధం నిలబడి ఉంది. దాని గోడలు లోపలి నుంచి వెలుగుతున్నట్టున్నాయి. కొసన వెదురు పరంజా ఇంకా విప్పలేదు. శిఖరం మీద కలశం ఇంకా లేదు.

అమరకేతు చూస్తూ నిలబడ్డాడు. ఇల్లు కనిపించిందన్న సంతోషం, ఇది మా ఊరేనా అన్న అనుమానం, రెండూ ఒకేసారి కలిగాయి.

గుట్ట కింద బాటలో సున్నం బళ్లు పోతున్నాయి. ఒక బండి చక్రం బురదలో దిగబడితే ఇద్దరూ వెళ్లి భుజం పెట్టి లేపారు. బండివాళ్లు సంతోషించి ఎక్కించుకున్నారు. ఆ రోజే స్ఫటిక సౌధానికి కలశం ఎక్కిస్తున్నారనీ, చివరి పూత కోసం సున్నం తీసుకుపోతున్నామనీ, సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు ముహూర్తమనీ చెప్పారు. ఆ నగరాన్నంతా కట్టించిన మహాస్థపతి మంజుఘోషుడే స్వయంగా కలశం నిలుపుతాడట. మహారాజును మాత్రం ఎవరూ చూసి చాలాకాలమైంది. పనులు చూడటానికి సౌధం పై అంతస్తుకు ఎక్కినవాడు మళ్లీ దిగలేదు. ఆజ్ఞలన్నీ ఆయన పేర మంజుఘోషుడే చదువుతాడు.

అమరకేతు, కాటమ ముఖాలకు సున్నం పూసుకున్నారు. తలకు పాత గుడ్డలు చుట్టుకున్నారు. చెరొక కుంచె, చెరొక కుండ పట్టుకునేసరికి వాళ్లకూ బండివాళ్లకూ తేడా తెలియలేదు.

కొత్త నగరం ద్వారం దగ్గర చిక్కు వచ్చిపడింది. ద్వారానికి ఇటూ అటూ రెండు కంచు సింహాలున్నాయి. ఎవరైనా అబద్ధం చెబితే అవి గర్జిస్తాయని బండివాళ్లు చెప్పారు. వాళ్ల కళ్ల ముందే ఒక వర్తకుడు తాను పొరుగూరి వాణ్ణని చెప్పాడు. సింహాలు రెండూ ఒక్కసారిగా గర్జించాయి. భటులు ఆ మనిషిని జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయారు.

అమరకేతు వంతు వచ్చింది. ద్వారపాలకుడు ఎవరు నువ్వని అడిగాడు.

"ఈ ఊరివాణ్ణే," అన్నాడు అమరకేతు. "పని మీద దూరదేశం పోయి చాలా ఏళ్లయింది. ఇంటికి వస్తున్నాను."

సింహాలు పలకలేదు. ద్వారపాలకుడు ఇల్లెక్కడని అడిగాడు.

"నది అవతల. ఇక్కడి ఇళ్లు నాకు తెలియవు. నేను వెళ్లేనాటికి ఇదంతా చెరకు తోట."

"ఈమధ్య అందరూ ఇదే మాట," అని ద్వారపాలకుడు విసుగ్గా చెయ్యి ఊపాడు. కాటమ తన వంతు రాగానే, "నాది అడివి అయ్యా. ఏట మీదొచ్చినా," అన్నాడు. సింహాలు పలకలేదు. ద్వారపాలకుడు ఈ సున్నంవాడికి కాస్త తిక్క ఉందనుకుని పొమ్మన్నాడు.

ద్వారం దాటి మలుపు తిరిగేదాకా ఇద్దరూ ఊపిరి పీల్చలేదు. తిరిగాక కాటమ గోడకు ఆనుకుని, మొసళ్లే నయం దొరా, అవి ప్రశ్నలడగవు అన్నాడు.

కొత్త నగరంలో నడుస్తుంటే అమరకేతుకు ఆశ్చర్యం వేసింది. అతడు మాయానగరాన్ని చూస్తాననుకున్నాడు. చూసింది మామూలు మనుషుల సంసారాలను. ఒక ఇల్లాలు వాకిట్లో బియ్యం చెరుగుతూ బండివాళ్లను పలకరించింది. పాత నగరంలో పల్లపు వీధిలో ఉండేవాళ్లమనీ, ఏటా వరద వస్తే పిల్లల్ని అటక మీద పెట్టుకుని కూర్చునేవాళ్లమనీ, ఇక్కడికి వచ్చాక గుమ్మంలోనే నీళ్లు, ఇంటి నిండా గాలి అనీ చెప్పింది. అయితే పొద్దుపోయాక స్ఫటిక సౌధం వైపు చూస్తే మాత్రం ఎందుకో పిల్లల్ని లోపలికి పిలిచి తలుపు వేసుకోవాలనిపిస్తుందని గొంతు తగ్గించి అంది.

సౌధం ముందు మైదానం జనంతో నిండిపోయింది. ముఖాలకు రంగులు దిద్దిన ఏనుగులు, భేరీలు, పూలదండల తోరణాలు, అరటి బోదెలు. సౌధం అడుగున, నది వైపు, గోడకు సున్నంతో సుధాశిల్పాలు దిద్దుతున్న ఆడవాళ్ల గుంపు ఉంది. అమరకేతు సున్నం కుండ దించి, తెలియకుండానే తల తిప్పి నది అవతలి నల్లని ప్రాసాదం వైపు చూస్తూ ఉండిపోయాడు. అటుగా వస్తున్న భటుల జత అతణ్ణి పరీక్షగా చూసింది.

అంతలో గుంపులో నుంచి ఒక యువతి వచ్చి, సోమరిపోతా, కూలి తీసుకునేది గోడలు చూడటానికా అని గట్టిగా తిట్టి, ఒక సున్నపు తట్ట అతడి తల మీద పెట్టింది. తట్ట అంచు ముఖాన్ని కప్పేసింది. భటులు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఆమె తట్ట సర్దుతున్నట్టు దగ్గరకు వంగింది.

"ఆ నిలబడే తీరు మార్చుకోండి యువరాజా. కూలివాళ్లు అలా నడుము మీద చెయ్యి పెట్టుకుని చూడరు."

ఆమె తరళ. పాత స్థపతి సోమశిల్పి కూతురు. చిన్నప్పుడు అమరకేతు ఆ శిల్పి పాకలోనే రాతి ముక్కల మీద గుర్రాలు గీసేవాడు. తరళ చేతికి ఉలి వచ్చింది. అతడికి కత్తి వచ్చింది.

తరళ ఇద్దరినీ గోడ చాటుకు తీసుకుపోయి, ఇక్కడ పనిచేస్తూ తాను చూసిందీ విన్నదీ అంతా గబగబా చెప్పింది. ఈ నగరానికి నక్షా గీసింది ఆమె తండ్రే. మంజుఘోషుడు స్థపతి కాడు, మాంత్రికుడు. రాజుగారి నమ్మకం సంపాదించి, సోమశిల్పిని పనిలో నుంచి తోసేసి, ఆయన మీద వ్యాధి ప్రయోగించి మంచాన పడేశాడు. పై అంతస్తులో దర్పణ మందిరం కట్టించి మహారాజును అందులో బంధించాడు. అక్కడ ఎటు చూసినా మహారాజులే కనిపిస్తారు. అసలు మనిషిని వదిలి ప్రతిబింబాన్ని తాకినవాడు గాజుబొమ్మ అయిపోతాడు. విడిపించడానికి వెళ్లిన మంత్రి, సేనాపతి అక్కడ గాజుబొమ్మలై నిలబడి ఉన్నారు. కలశం శిఖరం మీద నిలిచిన క్షణాన మహారాజు ప్రాణం అందులోకి పోతుంది. మంజుఘోషుడు ఆయన రూపంతో సింహాసనం ఎక్కుతాడు.

అమరకేతు ఆకాశం వైపు చూశాడు. పొద్దు బాగా పైకి వచ్చింది.

పై అంతస్తుకు పోవడం కష్టం కాలేదు. పూత పనికి వెళుతున్నామంటే కాపలావాళ్లే దారి ఇచ్చారు. ఒక్కో అంతస్తు ఒక్కో వింత. రెండో అంతస్తులో గోడల లోపల నీళ్లు పారుతూ వేసవిలో మాఘమాసాన్ని తెస్తున్నాయి. మరో అంతస్తులో కిటికీలకు వేసిన సన్నని రాతి జల్లెడలో నుంచి గాలి పోతుంటే వేణువు ఊదినట్టుంది. అంతటి తొందరలోనూ అమరకేతుకు, దీన్ని కట్టిన చేతులు ఎంత మంచివి అనిపించింది.

దర్పణ మందిరం తలుపు తీయగానే కళ్లు చెదిరాయి. గోడలు, కప్పు, స్తంభాలు, అన్నీ నిలువుటద్దాలే. ప్రతి అద్దంలోనూ కీర్తిధర మహారాజు ఉన్నాడు. గడ్డం పెరిగి, చెంపలు లోతుకు పోయి, ఎత్తైన పీట మీద కూర్చుని ఉన్నాడు. మందిరం నిండా మహారాజులు. అందరూ ఒకేసారి చేతులు చాచి, ఇటు రా నాయనా అని పిలిచారు. వాళ్ల మధ్య అక్కడక్కడ చెయ్యి చాచిన గాజుబొమ్మలు నిలబడి ఉన్నాయి.

ఆ పిలుపుకు కాటమ మనసు కరిగిపోయింది. దగ్గరి మహారాజు వైపు ఒక అడుగు వేసి చెయ్యి చాచాడు. అమరకేతు అతడి నడుము పట్టి వెనక్కి లాగేటప్పటికే చిటికెన వేలు అద్దానికి తగిలింది. వేలు గాజైపోయింది. దాంట్లోనుంచి అవతలి గోడ కనిపిస్తోంది. కాటమ వేలు వైపు చూశాడు. 

"నొప్పి లేదు దొరా. ముందు పెద్దాయన సంగతి చూడండి."

అమరకేతు మందిరాన్ని కలయజూశాడు. కత్తితో అద్దాలు పగలగొడదామంటే ఏ అద్దం వెనుక తండ్రి ఉన్నాడో తెలియదు. కళ్లు మూసుకుని గొంతు పోల్చుకుందామంటే అన్ని గొంతులూ ఒకటే. అతడి చేతిలో సున్నం కుండ బరువుగా తగిలింది. అతడు కుంచె ముంచి, ఎదురుగా ఉన్న అద్దానికి పైనుంచి కిందికి ఒక్క పూత పూశాడు. అందులోని మహారాజు మాయమయ్యాడు.

ఇద్దరూ ఇక ఆగలేదు. ఒకరు ఈ గోడ, ఒకరు ఆ గోడ. అద్దాన్ని కుంచె తప్ప మరేదీ తాకకుండా చూసుకుంటూ పూశారు. సున్నం చిందింది, కళ్లలో పడింది, మోచేతుల దాకా కారింది. మహారాజులు ఒక్కరొక్కరే తెల్లని పొరల వెనక్కి పోతుంటే, మిగిలినవాళ్లు ఇంకా గట్టిగా పిలిచారు. తర్వాత బతిమాలారు. తర్వాత తిట్టారు. కప్పు మీది అద్దాలకు కాటమ కుండనే ఎత్తి విసిరాడు.

చివరి అద్దం మూతపడేసరికి మందిరం నిశ్శబ్దమైపోయింది. సున్నపు గోడల మధ్య, కిటికీ పక్క పీట మీద, ఒకే ఒక్క మనిషి మిగిలాడు. ఆయన చేతులు చాచలేదు, పిలవలేదు. తల వాల్చుకుని కూర్చుని ఉన్నాడు.

అమరకేతు వెళ్లి ఆయన పాదాల మీద చేతులు వేశాడు. అవి వెచ్చగా ఉన్నాయి. మహారాజు కనురెప్పలు కదిలాయి. సున్నం కారుతున్న ఆ ముఖాన్ని చాలాసేపు చూసి, "చచ్చిపోయావన్నారు కదరా," అన్నాడు.

 వెనకాల గాజుబొమ్మలు ఒక్కొక్కటే నిట్టూర్చి మనుషులయ్యాయి. మంత్రి తుమ్మాడు. కాటమ చిటికెన వేలు మళ్లీ నల్లగా, గోరుతో సహా, మామూలు వేలై కదిలింది. అతడు దాన్ని నోట్లో పెట్టుకుని కొరికి చూసుకుని, నొప్పి పుట్టిందని మహదానందపడ్డాడు.

కాని బయట భేరీలు మోగాయి. కిటికీలో నుంచి చూస్తే, బంగారు కలశాన్ని ఒడిలో పెట్టుకుని మంజుఘోషుడు ఒక ఉయ్యాల పీట మీద కూర్చుని పైకి వస్తున్నాడు. కింద మనుషులు కప్పీ తాళ్లు లాగుతున్నారు. పొద్దు నడినెత్తికి చేరబోతోంది. తండ్రిని దించమని కాటమకు అప్పగించి, అమరకేతు కిటికీలో నుంచి వెదురు పరంజా మీదికి దూకాడు.

పరంజా ఊగింది. కింద జనం చీమల్లా ఉన్నారు. అతడు కట్టు నుంచి కట్టుకు ఎగబాకుతూ శిఖరానికి చేరేసరికి మంజుఘోషుడు పీట మీద నుంచి లేచి నిలబడ్డాడు. అతడి ముఖంలోని సౌమ్యత చెరిగిపోయి, కళ్లు నిప్పుకణాలయ్యాయి. సున్నంవాడిని పోల్చుకోవడానికి అతడికి ఒక్క చూపు చాలింది. పెదవులు కదిపాడు. అమరకేతు చేతికింద వెదురు పామైంది. అతడు దాన్ని వదిలి పక్కదాన్ని పట్టుకున్నాడు. అదీ బుస కొట్టింది. మాంత్రికుడు నోటి వెంట నిప్పు ఊదాడు. పరంజా కట్లు అంటుకుని చిటపటా తెగసాగాయి.

కాళ్ల కింద వెదుళ్లు ఊడి పడిపోతుంటే అమరకేతు గాలిలోకి దూకి ఉయ్యాల తాడు పట్టుకున్నాడు. తాడు గిరగిరా తిరిగింది. మాంత్రికుడు కలశాన్ని రెండు చేతులా ఎత్తి శిఖరం కొస మీదికి తెస్తున్నాడు. కొసకూ కలశానికీ మధ్య జానెడు దూరం. అమరకేతు ఊగిన ఊపులోనే మొలలోని బాకు దూసి కప్పీ తాళ్లలో ఒకదాన్ని నరికాడు. పీట ఒక పక్కకు ఒరిగింది. మాంత్రికుడు తూలాడు. కలశం చేతుల్లో నుంచి జారి, గుమ్మటం మీద ఎగిరి, అంతస్తు అంతస్తుకూ ఘల్లుమంటూ దొర్లి నీలవేణిలో పడింది. నీళ్లు సలసల కాగి, బుసబుసమని పొంగి, చల్లబడ్డాయి.

అమరకేతు శిఖరాన్ని కావలించుకుని ఊపిరి పీల్చాడు. సూర్యుడు నడినెత్తి దాటాడు.

"నాకు దక్కని ఊరు ఎవరికీ దక్కదు," అన్నాడు మంజుఘోషుడు. నడుముకు దోపుకున్న ఎముక దండం లాగి శిఖరం మీద కొట్టాడు. కొట్టిన చోటి నుంచి ఒక పగులు మెరుపులా కిందికి పాకింది. మాంత్రికుడు నల్లని పొగై లేచి, గిర్రున సుడి తిరిగి, పడమటి కొండల వైపు సాగిపోయాడు.

సౌధం మూలిగింది. ఒరగసాగింది. ఒరిగేది నది వైపు కాదు, జనం నిండిన మైదానం వైపు. పై నుంచి అమరకేతు తన నీడతో సహా సౌధం నీడ జనం మీదికి జరగడం చూశాడు. వాళ్లు పరుగెత్తడానికి చోటు లేదు.

కింద తరళ అప్పటికే పరుగెడుతోంది. పాత నగరపు మంటపాన్ని పూర్వులు ఎలా నిలిపారో ఆమె తండ్రి నేర్చుకుని ఈ సౌధానికీ అదే పునాది వేశాడు. అడుగున పెద్ద రాతి గది, ఆ గది నిండా ఇసుక, ఇసుక మీద సౌధం. భూమి కదిలినా కట్టడం నీళ్ల మీద పడవలా సర్దుకుంటుందని ఆ పద్ధతి. ఇసుక మార్చడానికి నది వైపు గోడలో ఒక మూతబండ ఉంది. ఆమె పొద్దుటి నుంచీ దాని పక్కనే సుధాశిల్పాలు దిద్దుతోంది. ఆమె కేకలు విని మావటీలు ఊరేగింపు ఏనుగుల్ని తోలుకొచ్చారు. గొలుసులు బండకు తగిలించి లాగించారు.

బండ ఊడివచ్చింది. పసుపుపచ్చని ఇసుక ఏరులా నదిలోకి పారింది. నది వైపు పునాది తగ్గేకొద్దీ, మైదానం వైపు ఒరిగిన సౌధం ముసలి ఏనుగు మోకాళ్లు వంచినట్టు మెల్లగా వెనక్కి సర్దుకుంది. ఇంకాస్త దిగింది. నిట్టూర్చినట్టు ఒక్క చప్పుడు చేసి ఆగిపోయింది. కింది అంతస్తు పూర్తిగా నేలలోకి కూరుకుపోయింది. పైవన్నీ, కొద్దిగా తలవంచుకుని, నిలబడే ఉన్నాయి.

 మైదానంలో ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే వేలమంది ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఎరుగనివాళ్లు ఎరుగనివాళ్లను పట్టుకుని ఏడ్చారు, నవ్వారు. మావటీలు ఏనుగుల తొండాలను ముద్దు పెట్టుకున్నారు. తరళ ఇసుకలో కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

అమరకేతు మిగిలిన తాడు పట్టుకుని పై కిటికీలోకి జారి, అంతస్తులన్నీ వెతుక్కుంటూ దిగాడు. తండ్రి ఎక్కడా లేడు. రెండో అంతస్తు కిటికీ దగ్గరకు వచ్చాడు. బయట గడ్డి మీద కాటమ కూర్చుని ఉన్నాడు. పక్కనే మహారాజు, మంత్రి తెచ్చిన మజ్జిగ తాగుతున్నాడు.

"మెట్లు దిగతానే ఉండా దొరా," అన్నాడు కాటమ. "ఇంకో అంతస్తు ఉండాల గదా అనుకున్నా. కిటికీలోంచి తొంగి చూస్తే నేలే నాకాడికొచ్చేసినాది."

అమరకేతు తండ్రి పక్కన గడ్డి మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుంటే సున్నం మంటపెట్టి ఇంకా నీళ్లు వచ్చాయి. మహారాజు తన ఉత్తరీయం కొసతో కొడుకు ముఖం తుడిచాడు.

జనానికి సంగతంతా తెలిసేసరికి భయం కోపమైంది. మాంత్రికుడు కట్టించిన ఊరిని ఇటుక మీద ఇటుక లేకుండా పడగొడతామని కొందరు గునపాలు తెచ్చారు. మహారాజు నది దాటి పాత ప్రాసాదానికి పోయి, అక్కడి మెట్ల మీద నుంచి వాళ్లతో మాట్లాడతానన్నాడు. పడవలు కట్టారు. నల్లరాతి రేవులో కాలు పెట్టగానే ఆయన వంగి ఆ చల్లని రాతిని అరచేత్తో తాకాడు. ఎవరూ ఆయనను తొందరపెట్టలేదు.

ప్రాసాదం ముందు ముంగిలి రెండు ఒడ్డుల జనంతో నిండింది. పొద్దు ప్రాసాదం వెనక్కి వాలుతోంది. రెండు బురుజుల మధ్య నుంచి వచ్చే ఎండ మెట్ల మీద బంగారు తివాచీలా పడింది. మహారాజు పై మెట్టు మీద నిలబడి మాట్లాడాడు. ఏటా వరదలో మునిగే వీధులను చూడలేక కొత్త నగరం కోరింది తానేనన్నాడు.

"కోరిక నాది. మోసం వాడిది. ఇళ్లు మాత్రం మీవి. మీ చేతులతో కట్టుకున్నవి పడగొట్టుకుని మళ్లీ వరదలోకి పోతారా?"

గునపాలు కిందికి దిగాయి. బియ్యం చెరిగిన ఇల్లాలు గుంపులో నుంచి, పోము అని గట్టిగా జవాబిచ్చింది. నవ్వులు లేచాయి. స్ఫటిక సౌధాన్ని ఏం చేయాలో సోమశిల్పి, తరళ నిర్ణయిస్తారని మహారాజు చెప్పాడు. అద్దాలు తీసేసి అందులో నీటి జల్లుల వైద్యశాల పెట్టవచ్చని తరళ అన్నప్పుడు జనం సరేనన్నారు. మంచాన పడ్డ సోమశిల్పి మధ్యాహ్నం నుంచి లేచి కూర్చుని అన్నం అడుగుతున్నాడని ఎవరో చెప్పారు. ఊరంతటికీ ఒక పెద్ద జ్వరం విడిచినట్టుంది.

అమరకేతు మెట్ల పక్కన నిలబడి తృప్తిగా చూస్తున్నాడు. ఎండ ఇంకా కిందికి వాలింది. బురుజుల నీడలు మెట్ల మీదుగా జనం వైపు పాకాయి. మంత్రి నీడ పాకింది. ఈటెలు పట్టిన భటుల నీడలు పాకాయి. అప్పుడు అతడు చూశాడు. పై మెట్టు మీద మహారాజు ముందు మెట్లు ఖాళీగా, ఎండగా ఉన్నాయి. ఆయనకు నీడ లేదు.

కలశం పోయినా మంజుఘోషుడు ఉత్తచేతులతో పోలేదు. నీడ లేనివాణ్ణి మనిషిగా లెక్కించరని ఆ దేశంలో నమ్మకం. ఈ సంగతి ఒక్కరి కంటపడితే చాలు, జనంలో ఇప్పుడే పుట్టిన నమ్మకమంతా చెదిరిపోతుంది.

అమరకేతు ఏమీ జరగనట్టు మెట్లెక్కి, కొడుకు తండ్రి దగ్గరకు వెళ్లినట్టే వెళ్లి, మహారాజు వెనకాల ఆనుకుని నిలబడ్డాడు. అతడి నీడ మహారాజు పాదాల దగ్గర మొదలై మెట్ల మీద బారుగా పరుచుకుంది. జనం జయజయధ్వానాలు చేశారు.

మహారాజు చెయ్యి ఎత్తి వాళ్లను దీవిస్తూనే, పెదవులు కదలకుండా మాట్లాడాడు.

"చూశావా?"

"చూశాను నాన్నగారూ."

"అది వాడి దగ్గరుంటే నాకు అమావాస్య దాకానే గడువు. ఎవరికీ చెప్పకు. ఈ పూట వాళ్లను సంతోషంగా ఇళ్లకు పోనీ."

మెట్ల కింద నుంచి కాటమ తల ఎత్తి చూశాడు. వేటగాడి కంటికి నీడల లెక్క తప్పదు. అతడు జనంలో నుంచి మెల్లగా తప్పుకుని, వీధి చివర ఉన్న గుర్రపుశాల వైపు నడిచాడు.

"ఎంతసేపని ఇలా నిలబడతావురా?" అన్నాడు మహారాజు.

"పొద్దు గుంకేదాకా. ఆ తర్వాత ఎవరి నీడా ఉండదు కదా. అప్పుడు పడమటి కొండలకు బయలుదేరతాను," అన్నాడు అమరకేతు.

జనం పూలు విసురుతున్నారు. అతడు తండ్రికి ఇంకాస్త దగ్గరగా జరిగి నిలబడ్డాడు.